భోక్త కడుపు

మనం నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతు దిగాక మన చేతిలో ఉండదు. అక్కడినుంచి దాన్ని వండేవాడు వేరే ఉన్నాడు. ప్రతి ప్రాణి కడుపులోనూ అగ్నిగా కూర్చుని, కొరికేది, మింగేది, నాకేది, తాగేది అనే నాలుగు రకాల అన్నాన్నీ అరిగించి పెడుతున్న ఆ వైశ్వానర స్వామికి ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆయనకు పండగలకు సెలవు లేదు, పైగా పండగలకే పని ఎక్కువ. మనం ఏం పంపినా ఎందుకు పంపావని అడగకుండా అందుకుంటాడు. అడిగిన రోజు మనకు ఆస్పత్రి తప్పదు. ఆ స్వామి దయవల్ల నేను ముప్పై ఎనిమిదేళ్ళు పని చేశాను.

నా పని భోక్త పని. తద్దినం నాడు గతించిన పెద్దల స్థానంలో కూర్చుని భోజనం చేసే బ్రాహ్మణుణ్ణి భోక్త అంటారు. కొడుకు పెట్టిన అన్నం ఆ భోక్త కడుపులోని అగ్ని ద్వారా పితృదేవతలకు చేరుతుందని మన విశ్వాసం. నాదీ అదే విశ్వాసం, ఈరోజుకీ అందులో మార్పు లేదు. షుగరు వచ్చినందువల్ల రెండేళ్ళ క్రితం మానేశాను.

మా ముక్తేశ్వరంలో ఏకాదశి పారాయణకు కూడే వాళ్ళలో ఇద్దరు వేదం చదువుకున్న యువకులు ఈ పనిలోకి వస్తున్నారు. మంత్రభాగం వాళ్ళకు నాకంటే బాగా వచ్చు. కడుపు సంగతి ఎవరూ చెప్పలేదన్నారు. అందుకని రాస్తున్నాను.

ఊరికే తినడం కాదు

బయటివాళ్ళకు ఇది తిని దక్షిణ తీసుకునే పనిలా కనిపిస్తుంది. అలా అనేవాళ్ళను ఒక్క పక్షం రోజులు కూర్చోమని పిలవాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ముందురోజు రాత్రి భోజనం ఉండదు. తద్దినం రోజు పొద్దున్న కూడా ఏమీ ఉండదు. మడి కట్టుకుని, తద్దినం పెట్టే కర్త ఇంటికి వెళ్ళి, హోమం పూర్తయ్యేదాకా పీట మీద కూర్చుంటే ఆకులో అన్నం పడేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది, ఒక్కోసారి రెండవుతుంది. అంతవరకూ ఖాళీగా ఉన్న కడుపులోకి ఒక్కసారిగా పప్పు, నెయ్యి, కూరలు, గారెలు, బూరెలు, పరమాన్నం, పెరుగు దిగుతాయి. తినేటప్పుడు మాట్లాడకూడదు. బాగుందనకూడదు, బాగాలేదనకూడదు. అన్నం వేడిగా ఉన్నంతసేపూ, భోక్తలు మౌనంగా ఉన్నంతసేపూ పితృదేవతలు ఆరగిస్తారని పెద్దల మాట. కర్త మాత్రం మాట్లాడవచ్చు. మాట్లాడి ఇంకా వడ్డిస్తాడు. ఆ రాత్రి మళ్ళీ భోజనం లేదు.

నాకు ఈ పని నేర్పింది మా బావగారు, రామసోమయాజులు గారు. మా సుందరక్కయ్య భర్త. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆయన పితృస్థానంలో ఉత్తరముఖంగానూ, నేను విశ్వేదేవతల స్థానంలో తూర్పుముఖంగానూ ముప్పై ఏళ్ళకు పైగా పక్కపక్కన కూర్చున్నాం. నేను చూసిన భోక్తల్లో ఆయనంత నిష్ఠ ఉన్నవాడు లేడు. ఆయనకు భోజనం జపంలాంటిది. ఎవరి తండ్రి స్థానంలో కూర్చున్నాడో ఆ తండ్రి పేరు, గోత్రం లోపల అనుకుంటూ ప్రతి ముద్దా మింగేవాడు.

మొదటి తద్దినంలో నేను చేసిన తప్పు పప్పు దగ్గర జరిగింది. ఆకలి మీద ఉన్నాను. ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని మూడు వాయిలు తినేశాను. పరమాన్నం వచ్చేసరికి ఊపిరి కూడా లోపలికి పోవడం లేదు. చనిపోయిన పెద్దావిడకు పరమాన్నం ఇష్టమట. కూతురు వాకిట్లో నిలబడి నా ఆకు వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బావగారు అన్నారు:

"పప్పుతోనే పెళ్ళి చేసేసుకున్నావు కదరా. ఇంక గారెలూ బూరెలూ ఎక్కడ కూచుంటాయి, నీ నెత్తి మీదా?"

ఆ తరవాత కాలవగట్టు మీద నడుస్తూ నాకు మొదటి పాఠం చెప్పారు. కడుపును నాలుగు వాటాలు చెయ్యాలి. రెండు వాటాలు అన్నానికి, ఒకటి నీళ్ళకు, ఒకటి గాలికి. "ఆ గాలి వాటాలో ఎవర్నీ వడ్డించనివ్వకు. అది స్వామి తిరగడానికి ఉంచిన జాగా" అన్నారు. నాకు తెలిసిన వైద్యమంతా దీనికి వ్యాఖ్యానమే.

వంట తప్పా, వడ్డన తప్పా

తద్దినపు వంటలో ఎండుమిరపకాయ పడదు. ఉల్లి, వెల్లుల్లి పడవు. క్యాబేజీ, బంగాళాదుంప, టమాటా గడప దాటి లోపలికి రావు. కారానికి మిరియాలు, జీలకర్ర, అల్లం. పెసరపప్పు, అరటికాయ, కంద, కాకరకాయ, కరివేపాకు పచ్చడి, అల్లప్పచ్చడి, నువ్వుల పచ్చడి, చివర పెరుగు. ముప్పై ఎనిమిదేళ్ళు తిని చెబుతున్నాను, మితంగా తింటే కడుపుకు ఇంతకంటే చల్లని వంట మన సీమలో లేదు. పప్పు తేలిగ్గా అరగడానికి నెయ్యి, నెయ్యి అరగడానికి అల్లం, అన్నిటికీ కాపలాగా కరివేపాకు. దీన్ని ఏర్పాటు చేసిన ఋషికి కడుపంటే తెలుసు.

కష్టం వచ్చేది పిండివంటల దగ్గర. అందులోనూ కొబ్బరి. కొబ్బరి వెయ్యకుండా వండారంటే ఆ ఇంట్లో ఏదో గొడవ జరిగిందని అర్థం చేసుకునే ప్రాంతం మాది. పరమాన్నంలో కొబ్బరి, బూరెల్లో కొబ్బరి, అరటికాయ కూరలో కొబ్బరి. దేనికదే మంచిది. అన్నీ కలిసి మధ్యాహ్నం రెండింటికి ఖాళీ కడుపులో కూడితే మంచిది కాదు.

నూనె విషయం. రాజోలు వైపు ఒక ఇంట్లో గారెలు వచ్చాయి. రంగు బాగుంది. కొరికితే వాసన తేడాగా ఉంది. ఆ నూనె అంతకుముందు వరలక్ష్మీ వ్రతాన్నీ, వినాయక చవితినీ చూసిన నూనె. మౌనం కనుక ఎవరం ఏమీ అనలేదు. నిష్ఠ కనుక మొత్తం తిన్నాం. ఆ సాయంత్రం మేమిద్దరం దొడ్లో ఒకరి తరవాత ఒకరం ఎంత క్రమశిక్షణతో వెళ్ళామో చెబితే గౌరవంగా ఉండదు. నేర్చుకున్నదేమిటంటే, మాట్లాడకూడదన్నారు గాని వాసన చూడకూడదని ఎవరూ అనలేదు. మొదటి గారె కొరకడానికి ముందే ముక్కుతో పరీక్ష చెయ్యండి. తేడాగా ఉంటే ఆకు అంచున వదిలెయ్యండి. విడిచిన అన్నానికి కూడా శాస్త్రంలో హక్కుదారులున్నారు.

ఇంటికి వచ్చాక వాము నమిలి వేడినీళ్ళు తాగడం, కాసేపు నెమ్మదిగా అటూ ఇటూ తిరగడం, ఎడమవైపు ఒత్తిగిలి పడుకోవడం మంచి అలవాట్లు. నేను అవే చేశాను. అయితే వాము మీద ఉన్న భక్తి వాము వరకే ఉంచండి. వాముకు లొంగని జబ్బులున్నాయి. అది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను, ఆ ఆలస్యం మా బావగారి ప్రాణం మీదికి వచ్చింది.

పదిహేను ఇళ్ళు, రెండు కడుపులు

మమ్మల్ని ఇళ్ళకు కుదిర్చేవారు పురోహితులు యజ్ఞేశ్వర శాస్త్రి గారు. మా పై అధికారి అనుకోవచ్చు. మంత్రం స్పష్టంగా చెప్పేవారు, ఎవరినీ దక్షిణ కోసం పీడించేవారు కాదు. ఆయనలో ఉన్న లోపం ఒకటే, కాదనలేరు. భాద్రపదంలో మహాలయ పక్షాలు వచ్చాయంటే పదిహేను రోజులూ ఇంటింటా పెద్దలకు పెట్టుకుంటారు. భోక్తలు దొరకరు. పాతవాళ్ళు తగ్గిపోయారు, కొత్తవాళ్ళు రావడం లేదు. ఆయన చేతిలో పదిహేను ఇళ్ళుంటే, మా రెండు కడుపులున్నాయి. ఆయన తిథులు చూసేవారు గాని కడుపులు చూసేవారు కాదు.

నేను చెబుతున్న ఏడాదికి బావగారికి డెబ్భై దాటాయి. పీట మీద గంటలతరబడి కూర్చోవడంవల్ల మోకాళ్ళు పట్టేసేవి. మెడికల్ షాపులో ఒక నొప్పి మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే లేవగలిగేవారు. పక్షాలలో రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉద్ధరిణెడు నీళ్ళతో ఆ మాత్ర మింగి బయలుదేరేవారు. ఒక్క ఇల్లు కూడా వదులుకోనన్నారు. తన తరవాత ఈ స్థానాల్లో ఎవరు కూర్చుంటారో తెలియదు కనుక, తాను ఉన్నంతవరకూ ఎవరి తండ్రీ పస్తు పోకూడదన్నది ఆయన పంతం.

ఏడో రోజు పొద్దున్న కాలవకు స్నానానికి వెళ్తున్నాం. మా వృత్తిలో పొద్దున్న విరేచనం సంగతి చెప్పుకోవడం తప్పు కాదు. రైతులు వాన గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాం. బావగారు నడక ఆపి అన్నారు:

"ఒరే నరసింహం, మూడ్రోజుల్నించీ నల్లగా అవుతోందిరా."

"ఎంత నల్లగా అండీ?"

"గుళ్ళో దీపం సెమ్మె కింద జిడ్డు పేరుకుంటుంది చూడు, అలా."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. "వారం రోజుల్నించీ నల్లనువ్వుల పచ్చడి, నువ్వుండలు లాగిస్తన్నారు. మరి తెల్లగా ఎలా అవుతుందండీ?"

"నువ్వులేనంటావా?"

"నువ్వులేనండి."

"ఆయ్, నువ్వులేలే" అని ఆయన కాలవలోకి దిగారు.

నువ్వులు పితృదేవతలకు ప్రీతి. తద్దినంలో అడుగడుగునా నువ్వులే. రోజూ అవే తినేవాళ్ళకు నలుపు కనిపిస్తే నువ్వులు కాక ఇంకేం తోస్తుంది? ఇంకొకరైతే భయపడి డాక్టరు దగ్గరికి పోయేవారు. మేము వృత్తి తెలిసినవాళ్ళం కనుక పోలేదు.

రెండురోజులు గడిచాక మా అక్కయ్య నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపింది.

"తమ్ముడూ, మీ బావగారి పెదాలు చూశావా? సున్నం కొట్టినట్టున్నాయి."

నియమంలో ఉన్నవాళ్ళ మొహం అలాగే వెలిసినట్టుంటుందనీ, దాన్ని తేజస్సంటారనీ చెప్పాను.

"తేజస్సొస్తే అరుగెక్కడానికి ఆయాసం వస్తుందిట్రా?" అంది.

మర్నాడు దశమి, కొత్తపేటలో కామేశ్వరరావు గారింట్లో మహాలయం. వెళ్ళి వచ్చాక చూద్దామన్నాను. "వచ్చాక చూద్దాం" అన్న మాట నా వృత్తి జీవితంలో నేను అన్న మాటలన్నిటిలోకీ చెడ్డది.

కొత్తపేట

కామేశ్వరరావు గారు స్కూలు మేష్టారు. నెమ్మదస్తుడు. వాళ్ళ అమ్మగారు మాణిక్యమ్మ గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భర్త పోయిన నాటినుంచీ ఆవిడకు ఏడాదిలో ముఖ్యమైన రోజులు రెండే, తద్దినం, ఈ మహాలయం. వంటంతా ఆవిడ పర్యవేక్షణ. మంచి వంట, మచ్చ లేదు.

ఆకులు వేసేసరికి రెండయింది. బావగారు రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆగింది. నేను ఓరగా చూశాను. నుదుటి మీద చెమట. గారెలు వచ్చాయి. బావగారు ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. మౌనంలో ఉన్న భోక్తకు ఉన్న ఒకే ఒక్క మాట అది. అర్థం, చాలు.

గుమ్మంలోంచి మాణిక్యమ్మ గారు, "మొహమాటపడతన్నారురా. మీ నాన్నగారికి గారెలంటే ప్రాణం. చెయ్యి తీసేదాకా నిలబడు" అన్నారు.

మేష్టారు నిలబడ్డారు. బావగారు కాసేపు చూసి చెయ్యి తీశారు. నాలుగు గారెలు పడ్డాయి.

నాకు తెలుసు, అప్పుడు నేను నోరు తెరవాలి. తెరిస్తే మౌనభంగం. పితృదేవతలు ఆకు ముందునుంచి లేచిపోతారని భయం. ఇంకెంత, భోజనం ముగించి ఉత్తరాపోశనం పట్టేదాకా పావుగంట కదా, ఓర్చుకుంటారు అనుకున్నాను. ఆ పావుగంటా నేను శుభ్రంగా భోజనం చేశాను. పెరుగు కూడా వేయించుకున్నాను. ఆ సంగతి దాచిపెడితే ఈ రాతకు అర్థం లేదు.

చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి బావగారు గోడ మీదికి ఒరిగిపోయారు. వాంతి అయింది. అందులో ఉన్నది నేను చూశాను. కాఫీ పొడి నీళ్ళలో కలిపినట్టుంది. నువ్వులు అలా ఉండవు.

కామేశ్వరరావు మేష్టారి మొహం పాలిపోయింది. "నాన్నగారికి అందలేదా అండీ?" అని నన్నడిగారు. పాపం, ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు, ఏడాదంతా ఆయన ఎదురుచూసింది అందుకే.

"మీ నాన్నగారు ఏమీ అనుకోరండి, ఆయనకి తొందర లేదు. ముందు ఆటో పిలవండి" అన్నాను.

భోజనం అయ్యాక భోక్త ఆ రోజు ఇల్లు చేరడం తప్ప వేరే ప్రయాణం చెయ్యకూడదు. బావగారు నా భుజం మీద తల ఆనించి, ఆటో అమలాపురం దారి పట్టేదాకా ఆ సంగతి నాకు గుర్తుచేస్తూనే ఉన్నారు. ఆ తరవాత గుర్తుచెయ్యడం మానేశారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

డాక్టరు గారి శాస్త్రం

ఆస్పత్రిలో డాక్టరు గారు చిన్నవాడు. గొట్టం వేసి చూశారు. కడుపు దాటి పేగు మొదలయ్యేచోట పుండు పడి, అందులోంచి చాలా రోజులుగా రక్తం కారుతోందన్నారు. రక్తం కడుపులో పడి అరిగితే నల్లబడుతుందట. అప్పటికి అక్కయ్య కూడా వచ్చేసింది. రెండు సీసాల రక్తం ఎక్కిస్తేగాని చెప్పలేమన్నారు. నేను నువ్వుల సంగతి చెప్పాను.

"నువ్వులు తింటే నల్ల మచ్చల్లా కనిపిస్తాయండి. తారులాగ జిగురుగా, భరించలేని వాసనతో అయితే అది రక్తం. ఎన్ని రోజుల్నించండీ?"

ఆరు రోజులని చెప్పాను. నాకు తెలిసిన రోజు ఏ రోజో ఆయన అడగలేదు. అక్కయ్య నా వైపు చూసింది. ఆవిడా అడగలేదు.

ఏం మందులు వాడుతున్నారని అడిగారు. బావగారు కళ్ళు తెరిచి, ఏమీ వాడటం లేదన్నారు. అక్కయ్య ఆయన సంచీలోంచి నొప్పి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఏం తిని వేసుకుంటారండీ?"

బావగారు ఆయన్ని జాలిగా చూశారు. "తద్దినం పూట ఏం తింటాం బాబూ? మందుకి దోషం లేదు. అన్నానికే దోషం."

డాక్టరు గారు కాగితం మీద రాస్తూ రాస్తూ ఆగి, "ఈ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోకూడదన్న శాస్త్రం మాది. రెండు శాస్త్రాలూ మీ పేగులో కలుసుకున్నాయండి" అన్నారు.

సాయంత్రం రక్తం ఎక్కుతుండగా బావగారికి కాస్త తెలివి వచ్చింది. సీసా వైపు చాలాసేపు చూశారు.

"ఒరే, ఇదెవరిదో? ఆయనేం తినేవాడో కనుక్కున్నావా?"

నాకంటే ముందు అక్కయ్య అంది. "ఆయనేం తింటే మీకేం? తిన్నది అరిగించుకున్నాడు. అందుకే ఒకరికివ్వడానికి మిగిలింది."

బావగారు ఆ ప్రశ్న మళ్ళీ వెయ్యలేదు. రెండో సీసా కూడా ఎక్కింది. మర్నాడు పొద్దున్నకి రక్తం ఆగిందని చెప్పారు.

యజ్ఞేశ్వర శాస్త్రి గారు చూడటానికి వచ్చారు. ఆ రోజు ఏకాదశి, అంబాజీపేటలో ఒక ఇల్లు. భోక్తలు లేక వండని బియ్యం, పప్పు స్వయంపాకంగా ఇప్పించి వచ్చానని, తప్పు చేసినవాడిలా చెప్పారు. ఆయన్ని వరండాలోకి తీసుకువెళ్ళి ఒక సంగతి అడిగాను. ఉపవాసంలో ఏవి పుచ్చుకుంటే వ్రతం చెడదో చెప్పే శ్లోకం ఉంది కదా, అది ఒక్కసారి పూర్తిగా చెప్పమన్నాను. ఆయన కళ్ళు మూసుకుని చెప్పారు. ఎనిమిది ఉన్నాయి. నీళ్ళు, దుంప, పండు, పాలు, ఆ తరవాత మరికొన్ని. మందు ఎనిమిదోది. పాలు నాలుగోవి.

శాస్త్రి గారు కళ్ళు తెరిచి, వేళ్ళ మీద మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నారు.

ఆ శ్లోకం నేను సత్సంగంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. బావగారు నాకంటే ఎక్కువసార్లు చెప్పారు. ఎనిమిదింటిలో మాకు అక్కరకు వచ్చిన ఎనిమిదోదాన్ని తీసుకుని, పైన ఉన్న పాలగ్లాసును వదిలేశాం. ఋషి ఏమీ దాచలేదు. మేమే కింది మెట్టు మీద నిలబడి పైకి చూడలేదు. శాస్త్రం వల్ల కడుపు చెడిందని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. సగం శాస్త్రం వల్ల చెడుతుంది.

కామేశ్వరరావు మేష్టారి ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. శాస్త్రి గారు దానికి కూడా జవాబు చెప్పారు. భోక్తకు వాంతి అయితే కర్త ఏం చెయ్యాలో ఒక హోమం రాసి ఉంది. మేష్టారు అది చేసుకున్నారు. పూర్వులు భోక్త కడుపు చెడుతుందని ముందే ఊహించి దానికి విధి ఏర్పాటు చేశారు, ఎంత దయ. వడ్డన ఆపమని కర్తకు ఎక్కడ రాశారా అని నేను వెతికాను. ఇంకా వెతుకుతున్నాను. మీకు దొరికేదాకా, ఆకు మీద చెయ్యి పెట్టిన భోక్తకు వడ్డించకూడదని ముందురోజు పిలుపు దగ్గరే కర్తకు చెప్పండి. పక్కవాడి చెమట చూస్తే మౌనం వదిలెయ్యండి. మౌనభంగానికి ప్రాయశ్చిత్తం ఉంది. నేను చూస్తూ ఊరుకున్నదానికి ఏం చెయ్యాలో శాస్త్రి గారిని అడిగాను. దానికి విధి ఏదీ రాసి లేదన్నారు.

మరుసటి ఏడు

బావగారు కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. నొప్పి మాత్రలు మాన్పించారు. పుండుకు కారణమైన క్రిమి కూడా ఉందని దానికి మందులిచ్చారు. అక్కయ్య ఆయనకు మూడు పూటలా కొద్దికొద్దిగా పెసరకట్టు, మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ పెట్టింది. జీవితంలో మొదటిసారి వేళకు తిన్నారు. ఒళ్ళు వచ్చింది. ఇంక భోక్తగా కూర్చోవడం లేదనుకున్నాం.

మహాలయం ముందర కామేశ్వరరావు మేష్టారు ఇంటికి వచ్చారు. వెనకాల మాణిక్యమ్మ గారు కూడా ఆటో దిగి వచ్చారు. ఆవిడ కూర్చోలేదు.

"చెయ్యి అడ్డం పెట్టినా తియ్యమన్నది నేనండి. నా వల్ల జరిగింది. మీరు మళ్ళీ మా ఇంట్లో కూచుంటే తప్ప పోయినాయన ముందు నేను తలెత్తుకోలేనండి" అన్నారు.

అక్కయ్య వద్దనే చెప్పింది. నేనూ వద్దన్నాను. బావగారు డాక్టరును అడుగుదామన్నారు. ఆయన్ని అడగడానికి ఇద్దరం అమలాపురం వెళ్ళాం. కడుపు ఖాళీగా ఉంచకుండా, మామూలుగా తినేదాంట్లో సగం తినేటట్టయితే కూర్చోవచ్చన్నారు. శాస్త్రి గారు కూడా ఒప్పుకున్నారు. తెల్లవారగానే పాలు, పదింటికి అరటిపండు, పన్నెండు కొట్టేసరికి ఆకు వెయ్యాలని ఆయనే కర్తకు ఖచ్చితంగా చెప్పారు. నాకు తెలిసి శాస్త్రి గారు ఒకరికి ఖచ్చితంగా చెప్పడం అదే మొదలు.

ఆ రోజు బావగారి ఆకులో గరిటెడు అన్నం, పప్పు, నెయ్యి, అరటికాయ కూర, ఒక గారె. అరగంటలో అయిపోయింది. మాణిక్యమ్మ గారు కుర్చీలో కొంగు పట్టుకుని కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడకు అది ఎంత కష్టమో నాకు తెలుసు.

భోజనాల చివర కర్త భోక్తలను తృప్తులయ్యారా అని అడగాలి. అయ్యామని భోక్తలు చెప్పాలి. అది మంత్రంలో భాగం. అన్ని వేల తద్దినాల్లో నేను దాన్ని ప్రశ్న అనుకోలేదు. కర్త నోరు మూసేలోపే జవాబు చెప్పేసేవాణ్ణి, కూర్చోలేక లేద్దామన్న తొందరలో.

మేష్టారు అడిగారు. నేను అలవాటుగా చెప్పేశాను. బావగారు చెప్పలేదు. ఎడమచెయ్యి పొట్ట మీద ఆనించుకుని, లోపల ఎవరినో సంప్రదిస్తున్నట్టు కాసేపు కళ్ళు మూసుకున్నారు. శాస్త్రి గారు దర్భ పట్టుకుని ఆగారు. మాణిక్యమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అప్పుడు బావగారు కళ్ళు తెరిచి, ఆవిడ వైపు తిరిగి, మంత్రం మానేసి తెలుగులో చెప్పారు.

"తృప్తి అయిందమ్మా."

ఇది చదివిన మీరు ఏ ఇంట్లో, ఏ ఆకు ముందు, ఏ కంచం ముందు కూర్చున్నా సరే, మొదటి ముద్ద ఎత్తేముందు ఒక్క క్షణం నాతోపాటు చేతులు జోడించండి. లోపల ఉన్న స్వామీ, నీకు చాలినంత మాత్రమే పంపే బుద్ధి మాకివ్వు. నువ్వు చాలన్నప్పుడు వినే చెవినివ్వు. పక్కవాడి ఆకు వైపు కూడా చూసే కన్నునివ్వు. ఈ పూట అన్నం దొరకనివాళ్ళ కడుపుల్లో ఆకలిగా ఉన్నది కూడా నువ్వేనని మేము మరిచిపోకుండా చూడు. తథాస్తు అని మీరు కూడా అనండి.